మంద మేసిన నేలలో నీటి లెక్క

పచ్చిక బీళ్లలో పశువులు మేస్తే నేలలోని తేమ తగ్గుతుందా, పెరుగుతుందా అన్న ప్రశ్నకు పరిశోధనల్లో దొరికే జవాబులు ఒకదానితో ఒకటి పొసగవు. ఒక చోట కంచె వేసి మందలను ఆపిన నేల చుట్టుపక్కల నేల కంటే తడిగా ఉంటే, మరో చోట సరిగ్గా అదే పని చేసిన నేల పక్కనున్న మేసిన నేల కంటే పొడిగా కనిపించింది. ఈ వైరుధ్యానికి కొలతల్లోని పొరపాటు కారణం కాదు. పశువు గడ్డి కొరికినప్పుడు నేల నుంచి నీటిని తోడే ఆకు తగ్గుతుంది కాబట్టి తేమ మిగులుతుంది. అదే పశువు గిట్టల కింద నేల బిగుసుకుపోయి, గడ్డి కప్పు పలచబడినప్పుడు వాన నీరు లోపలికి దిగే దారి మూసుకుపోతుంది కాబట్టి తేమ చేరదు. ఈ రెండు పనులనూ ఒకే మంద ఒకే రోజు చేస్తుంది. వీటిలో ఏది పైచేయి అవుతుందన్నది వాన తీరు, నేల రకం, మేపిన కాలం, మంద పరిమాణం కలిసి తేలుస్తాయి.

తెలుగు రాష్ట్రాలకు ఇది దూరపు సంగతి కాదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో 7.43 కోట్ల గొర్రెలుండగా, వాటిలో 1.91 కోట్లు తెలంగాణలోను, 1.76 కోట్లు ఆంధ్రప్రదేశ్‌లోను ఉన్నాయి. అంటే దేశంలోని గొర్రెల్లో దాదాపు సగం మన దగ్గరే మేస్తున్నాయి. వీటిలో అత్యధిక భాగం దొడ్లో కట్టేసి మేపేవి కావు. బీళ్లలో, బంచరాయి భూముల్లో, కోత అయిన చేలల్లో, కొండ వాలుల్లో తిరిగి మేసేవి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురం ప్రాంతంలో, ఆ వానలోనూ పెద్ద భాగం కొన్ని గట్టి జల్లుల్లోనే కురిసిపోయే చోట, ఒక్కో జల్లులో ఎంత నీరు నేలలోకి దిగింది, ఎంత వాగులోకి పోయింది అన్నదాని మీదే ఆ ఏటి గడ్డి ఆధారపడి ఉంటుంది.

పడిన వాన ఎటెటు పోతుందో ముందు చూడాలి. కొంత నీరు గడ్డి ఆకుల మీద, నేల మీద పరుచుకున్న ఎండు గడ్డి మీద నిలిచి, మట్టిని తాకకుండానే ఆరిపోతుంది. మట్టికి చేరినదానిలో కొంత వాలు వెంట పారిపోతుంది. ఇంకినదానిలో పైపొరలో ఉన్నది ఎండకు నేరుగా ఆవిరవుతుంది, వేళ్లకు అందినది ఆకుల గుండా గాలిలో కలుస్తుంది, వేళ్లను దాటి దిగినది భూగర్భ జలాన్ని చేరుతుంది. ఈ ఖర్చులన్నీ పోగా ఏ రోజుకారోజు మట్టిలో మిగిలినదే మనం కొలిచే తేమ. మంద మేయడం ఈ ఖర్చుల్లో ఒక్కదాన్ని కాక అన్నిటినీ ఒకేసారి మారుస్తుంది, అదీ వేర్వేరు దిశల్లో. కాబట్టి చివరికి మిగిలిన తేమను మాత్రమే చూసి మేత మంచిదనో చెడ్డదనో తీర్పు చెప్పడం కుదరదు.

పైపొర వేరు, లోపొర వేరు

ముందుగా ఆకు సంగతి. ఎదుగుతున్న గడ్డి పగటిపూట ఆకుల్లోని సన్నని రంధ్రాల గుండా నీటిని వదులుతూనే ఉంటుంది. ఆ నీరంతా వేళ్లు తోడినదే. మంద వచ్చి ఆకులో సగం మేసి వెళ్లిపోతే, మళ్లీ చిగురు వేసే వరకు ఆ తోడకం తగ్గుతుంది. వేళ్లున్న లోతంతటా నేల ఆరే వేగం మందగిస్తుంది. వాన వెనకబడిన సమయంలో ఇలా మిగిలిన తేమ, కొత్త చిగురును మరికొన్ని రోజులు పచ్చగా నిలబెట్టగలదు. మేసిన బీడు తడిగా ఉందని చెప్పిన పరిశోధనల్లో చాలావాటి వెనుక ఉన్నది ఈ ప్రక్రియే.

అయితే ఆకు తగ్గిన చోట ఎండ నేరుగా మట్టిని తాకుతుంది. పైనున్న ఎండుటాకు, పాత గడ్డి దుబ్బుల నీడ లేకపోవడంతో నేల వేడెక్కి, వాన వెలిసిన మొదటి కొన్ని రోజుల్లో పైపొర చాలా వేగంగా ఆరిపోతుంది. ఆ తరువాత ఆ ఆరిన పొరే లోపలి తేమకు మూతలా పనిచేయడం వల్ల ఆవిరి నెమ్మదిస్తుంది. మట్టి నుంచి నేరుగా జరిగే ఈ ఆవిరి ప్రధానంగా పై పది పదిహేను సెంటీమీటర్లకే పరిమితం, గడ్డి వేళ్లు తోడే నీరు మాత్రం మీటరు లోతు నుంచి కూడా రావచ్చు. అందువల్ల ఒక మోస్తరుగా మేసిన బీడులో పైన పొడిగా, లోపల తడిగా ఉండటం, మేయని బీడులో పైన తడిగా, లోపల పొడిగా ఉండటం సాధ్యమే. ఐదు సెంటీమీటర్ల లోతులో పరికరం దించినవారికి కంచె లోపలి నేల తడిగా కనిపిస్తుంది. అదే రోజు అరవై సెంటీమీటర్ల లోతులో చూసినవారికి కంచె బయటి నేల తడిగా కనిపించవచ్చు. ఈ రంగంలో ఫలితాలు ఒకదాన్నొకటి కొట్టివేస్తున్నట్టు కనబడటానికి ఉన్న కారణాల్లో ఇది చాలా పెద్దదని నా అభిప్రాయం. ఎంత లోతులో కొలిచారో చెప్పకుండా ‘తేమ పెరిగింది’, ‘తేమ తగ్గింది’ అని రాసే ప్రతి వాక్యాన్నీ అనుమానంగానే చదవాలి.

నేల మీద పరుచుకున్న ఎండు గడ్డి పాత్ర కూడా అంత సూటిగా లేదు. గట్టి వానలో అది చినుకు దెబ్బను కాచుకుని, పారే నీటిని నిదానింపజేసి, ఇంకడానికి వ్యవధినిస్తుంది. రెండు మూడు మిల్లీమీటర్ల తుంపరలో మాత్రం ఆ నీటిని తానే పీల్చుకుని, మట్టికి చేరనివ్వకుండా ఆరబెట్టేస్తుంది. అమెరికాలోని కొలరాడో రాష్ట్రపు పొట్టి గడ్డి మైదానాల వంటి చోట్ల పడే వానల్లో ఐదు మిల్లీమీటర్లకు మించనివే ఎక్కువ కాబట్టి, అక్కడ దట్టమైన ఎండు గడ్డి వల్ల వచ్చే లాభంలో కొంత ఈ రూపంలో పోతుంది. రాయలసీమలో నేలను తడిపేది ప్రధానంగా గట్టి జల్లులు. ఇక్కడ అదే ఎండు గడ్డికి విలువ చాలా ఎక్కువ.

గిట్ట కింద జరిగేది

వాన నీరు నేలలోకి దిగేది ప్రధానంగా మట్టి కణికల మధ్య ఉండే పెద్ద రంధ్రాల గుండా, చచ్చిన వేళ్లు వదిలిన సొరంగాల గుండా, చెదలు, వానపాములు, పేడపురుగులు తవ్విన బొరియల గుండా. చిన్న రంధ్రాలు నీటిని పట్టి ఉంచుతాయి తప్ప వేగంగా దింపలేవు. నిలబడి ఉన్న ఆవు బరువంతా నాలుగు గిట్టల కొద్దిపాటి వైశాల్యం మీద పడుతుంది కాబట్టి, ఆ గిట్ట కింద నేల మీద పడే ఒత్తిడి సాధారణంగా ట్రాక్టరు టైరు కింది ఒత్తిడి కంటే ఎక్కువే ఉంటుంది. నడుస్తున్నప్పుడు, ఒకటి రెండు కాళ్ల మీదే బరువు ఆనినప్పుడు అది ఇంకా పెరుగుతుంది. గొర్రె తేలికైన జంతువే అయినా దాని గిట్ట చాలా చిన్నది కావడంతో ఆ ఒత్తిడీ తక్కువేమీ కాదు. పైగా మంద ఒక రోజులో ఒకే చోట వందల అడుగులు వేస్తుంది. ఈ ఒత్తిడికి ముందుగా నలిగిపోయేవి పెద్ద రంధ్రాలే.

నేల పొడిగా ఉన్నప్పుడు మట్టికి గట్టిదనం ఉంటుంది కాబట్టి తొక్కిడికి అంతగా లొంగదు; పైపైన పొడి రేగుతుంది, అంతే. నేల పదునుగా ఉన్నప్పుడు తొక్కితేనే అసలు నష్టం. తడిసిన మట్టి కణికలు ఒకదాని మీద ఒకటి జారి, ఖాళీలను పూడ్చుకుని దగ్గరపడతాయి. ఇంకా తడిగా, బురదగా ఉంటే గిట్ట దిగిన చోటల్లా గుంట పడి, దాని అడుగు మెదిపినట్టుగా నునుపెక్కి, ఆరాక నీరు దిగని పలకలా తయారవుతుంది.

దీనికి తోడు చినుకు దెబ్బ ఉంటుంది. ఎర్రనేల మీద గడ్డి లేని చోట గట్టి చినుకు పడినప్పుడు మట్టి కణికలు చిట్లి, ఆ సన్నని మట్టి నీటితో పాటు పైరంధ్రాల్లోకి కొట్టుకుపోయి అక్కడే పేరుకుంటుంది. ఎండ కాసేసరికి అది పెచ్చు కట్టి బిగుస్తుంది. ఈ పెచ్చు కొద్ది మిల్లీమీటర్ల మందమే ఉన్నా, దాని కింద ఎంత గుల్లగా ఉన్నా, తరువాతి వానలో నీరు దిగే వేగాన్ని అదే నిర్ణయిస్తుంది. అనంతపురం, పాలమూరు ప్రాంతాల ఎర్రనేలలు ఈ పెచ్చు కట్టే గుణానికి పేరుపడ్డవి. నల్లరేగడి స్వభావం వేరు. అది తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే నెర్రెలు విచ్చుతుంది; ఆ ఉబ్బి కుంచించుకునే కదలిక వల్ల గిట్టల తొక్కిడికి బిగుసుకున్న పొర కూడా ఏడాది తిరిగేసరికి కొంతవరకు తనంతట తానే విడివడుతుంది. తొలి వాన నీరు నెర్రెల గుండా నేరుగా లోతుకు దిగుతుంది. అయితే ఒకసారి ఉబ్బి నెర్రెలు పూడుకున్నాక నల్లరేగడిలో ఇంకుదల చాలా నిదానం, ఆ దశలో మందను తోలితే జరిగే హాని ఎర్రనేలలో కంటే ఎక్కువ. ఎర్రనేలకు ఈ విడివడే గుణం లేదు కాబట్టి, ఒకసారి బిగుసుకున్నది మళ్లీ గుల్లబారడానికి వేళ్లు, చెదలు, పురుగులే దిక్కు.

అంకెల్లో దీని తీవ్రత ఎంత? 1978లో గిఫర్డ్, హాకిన్స్ అనే ఇద్దరు జలశాస్త్రవేత్తలు అప్పటివరకు జరిగిన ఇంకుదల ప్రయోగాలన్నిటినీ సమీక్షించి, తేలికపాటి మేతకూ ఒక మోస్తరు మేతకూ ఇంకుదలలో చెప్పుకోదగ్గ తేడా కనిపించదని, ఆ రెంటిలోనూ అది మేయని నేలలో ఉండేదానిలో సుమారు నాలుగింట మూడు వంతులు ఉంటుందని, మితిమీరి మేసిన చోట మాత్రం సగానికి పడిపోతుందని తేల్చారు. ఈ ‘సగం’ అంటే ఏమిటో ఒక ఊహా లెక్కతో చూడవచ్చు. ఎకరా మీద ఒక మిల్లీమీటరు వాన అంటే సుమారు 4,000 లీటర్లు. గంటకు 40 మిల్లీమీటర్లు ఇంకించుకోగల బీడు మీద గంటలో 40 మిల్లీమీటర్ల వాన పడితే మొత్తం లోపలికే పోతుంది. అదే బీడు ఇంకుదల సగానికి తగ్గి ఉంటే ఎకరాకు 80,000 లీటర్లు వాలు వెంట పారిపోతాయి, తనతో పాటు పైమట్టినీ తీసుకుపోతాయి. అదే 40 మిల్లీమీటర్లు మూడు గంటల పాటు ముసురులా పడితే రెండు బీళ్లలోనూ మొత్తం ఇంకుతుంది, ఏ తేడా ఉండదు. వాన తీరుకు ఇంత ప్రాధాన్యం ఇవ్వడానికి కారణం ఇదే. నిదానమైన వానలు పడే చోట గిట్టల తొక్కిడి వల్ల నీటి నష్టం అంతగా పైకి కనిపించదు, జోరు వానల చోట ప్రతి జల్లులోనూ కనిపిస్తుంది.

గిట్టలే నేలను బాగు చేస్తాయన్న వాదన ఒకటి ఉంది. పెద్ద మందను చిన్న జాగాలో కొద్ది కాలం పాటు గుంపుగా మేపి వెంటనే కదిలిస్తే, గిట్టలు పెచ్చును పగలగొట్టి, ఎండు గడ్డిని మట్టిలో కలిపి, ఇంకుదలను పెంచుతాయని జింబాబ్వేకు చెందిన అలన్ సేవరీ దశాబ్దాలుగా చెబుతున్నారు. 2013లో ఆయన ఇచ్చిన టెడ్ ప్రసంగంతో అది ప్రపంచమంతా పాకింది. ఈ వాదనను సూటిగా పరీక్షించిన ప్రయోగం ఒకటి 1980ల్లో టెక్సాస్‌లోని సొనోరా దగ్గర జరిగింది. మంద సాంద్రత పెరిగిన కొద్దీ ఇంకుదల తగ్గింది, కొట్టుకుపోయిన మట్టి పెరిగింది. తడి నేల మీద తొక్కించినప్పుడు నష్టం మరింత ఎక్కువైంది. ఆ తరువాత ఇచ్చిన 30 రోజుల విరామం నేల కోలుకోవడానికి చాలలేదు. పెచ్చు పగిలిన మాట నిజమే, కానీ ఒక్క గట్టి వానకు అది మళ్లీ కట్టుకుంటుంది. లోపల నలిగిన రంధ్రాలు మాత్రం అంత తొందరగా తెరుచుకోవు. జాగా మార్చి మేపడంలో మేలు లేదని దీని అర్థం కాదు. ఆ మేలు గడ్డికి దొరికే విరామంలో ఉంది, గిట్టల తొక్కిడిలో లేదు.

మంద నేలకు తిరిగి ఇచ్చేవి కూడా లెక్కలో ఉండాలి. పేడ పడిన చోట పేడపురుగులు దాన్ని ఉండలు చేసి మట్టిలోకి లాగుతూ తవ్విన బొరియలు నీటి దారులవుతాయి. పెంట, ఎరువు మట్టి కణికలను పట్టి ఉంచుతాయి. మన ఊళ్లలో చేలో రాత్రిపూట గొర్రెల మంద కట్టించుకోవడానికి రైతు డబ్బో ధాన్యమో ఇచ్చేది ఎరువు కోసమే. ఇక్కడ ఒక చిక్కుంది: బీడులో పగలంతా మేసిన గడ్డి తాలూకు సారం రాత్రికి చేలో పడుతుంది. రైతు నేలకు అది లాభం. తరతరాలుగా ఇలా ఇస్తూ వచ్చిన బీడుకు మాత్రం తిరిగి చేరేది తక్కువ.

వేళ్ల లోతు

గిట్ట, ఆకు పైకి కనిపించేవి. దీర్ఘకాలంలో వీటికంటే ఎక్కువ ప్రభావం చూపేది కంటికి కనిపించని వేరు. అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్త క్రైడర్ 1955లో ప్రచురించిన ప్రయోగాల ప్రకారం, గడ్డి ఆకులో 40 శాతం వరకు కోసినా వేళ్ల ఎదుగుదల ఆగలేదు. 50 శాతం కోసినప్పుడు అతి కొద్ది వేళ్ల ఎదుగుదల మాత్రమే నిలిచింది. 60 శాతానికి సగం వేళ్లు, 80 శాతానికి మొత్తం వేళ్లు ఎదగడం మానేశాయి. సగానికీ, ముప్పావుకూ మధ్య ఏదో నిదానంగా దిగజారడం కాదు, ఒక్కసారిగా పడిపోవడం కనిపిస్తుంది. ‘సగం మేపి సగం వదలాలి’ అని పచ్చిక నిపుణులు చెప్పే మాటకు ఆధారం ఇక్కడుంది.

వేరు ఎదగకపోతే నీటి లెక్కలో రెండు నష్టాలు. లోతున ఉన్న తేమ గడ్డికి అందదు. ఏటేటా కొన్ని వేళ్లు చచ్చి వదిలే సొరంగాలు ఏర్పడక, నీరు దిగే దారులు కరువవుతాయి. కొన్నేళ్లకు గడ్డి జాతులే మారిపోతాయి. దక్కను పీఠభూమి పచ్చికను మన వృక్షశాస్త్రవేత్తలు అందులోని రెండు ముఖ్యమైన గడ్ల పేర్లతో సెహిమా–డైకాంథియం పచ్చిక అని పిలుస్తారు. 1973లో భారత వ్యవసాయ పరిశోధన మండలి వెలువరించిన దబడ్ఘావ్, శంకరనారాయణ్‌ల సర్వే ప్రకారం, మేత ఒత్తిడి పెరిగిన కొద్దీ ఏళ్ల తరబడి బతికే ఈ బహువార్షిక గడ్లు వెనక్కి తగ్గి, బట్టలకు గుచ్చుకునే ముల్లు విత్తనాలున్న హెటెరోపోగాన్, ఆ తరువాత పశువు నోరు పెట్టని అరిస్టిడా వంటి పలుచని గడ్లు ముందుకొస్తాయి. లోతు వేళ్ల గడ్డి పోయి, వాన పడ్డ నెలకే విత్తు వేసి ఎండిపోయే గడ్డి వచ్చిందంటే, ఆ తరువాత మందను పూర్తిగా తొలగించినా నేలలో నీరు కదిలే తీరు వెంటనే పాత స్థితికి రాదు.

గడ్డి పోయిన ఖాళీలో మన దగ్గర చేరింది సర్కారు తుమ్మ. 1877లో జమైకా నుంచి తెప్పించిన విత్తనాలను కడప ప్రాంతంలోని కమలాపురంలో నాటడంతో దేశంలో దీని చరిత్ర మొదలైంది. మేకలు, గొర్రెలు, పశువులు దీని తియ్యటి కాయలను ఇష్టంగా తింటాయి, ఆకును మాత్రం ముట్టవు. విత్తనం పేడలో చెక్కుచెదరకుండా బయటపడి, ఎరువుతో సహా కొత్త చోట మొలుస్తుంది. దీని బంధువైన ఒక చెట్టు వేళ్లు అమెరికాలోని అరిజోనాలో ఒక గని తవ్వకంలో 50 మీటర్లకు పైగా లోతున కనిపించాయి. గడ్డికి అందని తేమను తోడుకుంటూ, తన కింద గడ్డిని ఎదగనివ్వని ఈ చెట్టు నిండిన బీడులో కొలిస్తే, పైపొర నీడ వల్ల కాస్త తడిగానే కనబడవచ్చు. ఆ తేమ మేతగా మారేది మాత్రం కాదు.

రెండు మైదానాలు, రెండు ఫలితాలు

కొలరాడోలోని సెంట్రల్ ప్లెయిన్స్ ప్రయోగ క్షేత్రంలో 1939 నుంచి తేలిక, మోస్తరు, భారీ మేతల మధ్య పోలిక జరుగుతోంది. అక్కడ ఏడాది వాన సుమారు 340 మిల్లీమీటర్లు. ఇన్ని దశాబ్దాల భారీ మేత తరువాత కూడా అక్కడి పచ్చిక మారింది స్వల్పమే. వేల ఏళ్లు అడవి దున్నల మందలు మేసిన నేల అది. దాని ప్రధాన గడ్డి బ్లూ గ్రామా నేలకు అంటుకుని పొట్టిగా పెరుగుతూ, తన శరీరంలో అధిక భాగాన్ని మట్టి కిందే దాచుకుంటుంది. కరువును తట్టుకోవడానికి పనికొచ్చే గుణాలే మందను తట్టుకోవడానికీ పనికొచ్చాయి.

చైనాలోని ఇన్నర్ మంగోలియాలో, షీలిన్ నది పరీవాహకంలో, ఇంచుమించు అంతే వాన పడుతుంది. అక్కడ 1979లో ఒక భాగానికి, 1999లో మరో భాగానికి కంచె వేసి, పక్కనున్న భారీగా మేసిన నేలతో జర్మన్, చైనా శాస్త్రవేత్తలు పోల్చిచూశారు. కంచె లోపలి నేల గుల్లగా, తేమగా ఉంది. ఈ తేడాకు మనకు తట్టని ఒక కారణం మంచు. చలికాలపు గాలికి కొట్టుకుపోయే మంచును నిలబడి ఉన్న గడ్డి పట్టి ఆపుతుంది, వసంతంలో అది కరిగి నేలను తడుపుతుంది. నున్నగా మేసిన నేలలో ఆ మంచు నిలవక, గడ్డి మొలిచే వేళకు నేల పొడిగా ఉంటుంది. వాన ఒకటే అయినా గడ్డి జాతి, మంచు, మంద చరిత్ర వేరు కావడంతో ఫలితం వేరైంది. కొలరాడో ఫలితాన్ని చూపి మేతకు భయపడనక్కర్లేదనీ, మంగోలియా ఫలితాన్ని చూపి కంచె వేయడమే దారనీ వాదించేవారు ఇద్దరూ ఇది మరిచిపోతారు.

నేల రకం ఇందులో ఎలా కలుస్తుందో 1988లో ఓస్వాల్దో సాలా, ఆయన సహచరులు అమెరికా మధ్య మైదానాల్లోని 9,498 ప్రదేశాల సమాచారంతో చూపించారు. ఏడాదికి సుమారు 370 మిల్లీమీటర్ల కంటే తక్కువ వాన పడే చోట ఇసుక నేలల్లో గడ్డి ఎక్కువ, అంతకు మించి పడే చోట నీటిని పట్టి ఉంచే బరువు నేలల్లో ఎక్కువ. పొడి ప్రాంతంలో నీరు పైనే నిలిస్తే ఎండకు పోతుంది, ఇసుకలో తొందరగా లోతుకు దిగితే మిగులుతుంది. తడి ప్రాంతంలో ఇసుక నుంచి నీరు వేళ్లను దాటి జారిపోతుంది కాబట్టి లెక్క తిరగబడుతుంది. గిట్టల తొక్కిడి నీటిని పైపొరలోనే ఆపుతుంది కనుక, పొడి ప్రాంతపు బీడుకు అది రెండు విధాల నష్టం: నీరు తక్కువ దిగుతుంది, దిగినదీ ఎండకు అందేంత పైనే ఉండిపోతుంది.

కొలతలో ఉన్న మెలిక

మట్టి నమూనాను తూచి, 105 డిగ్రీల వేడిలో ఒక రోజు ఆరబెట్టి మళ్లీ తూచడం తేమను కొలిచే పాత పద్ధతి. పొడి మట్టి బరువులో నీరు ఎంత శాతమో ఇందులో తెలుస్తుంది. కంచె లోపలి గుల్ల నేలలో 14 శాతం, బయట తొక్కిన నేలలో 12 శాతం వచ్చాయనుకుందాం. లోపలి నేల తడిగా ఉందని రాసేస్తాం. కానీ గుల్ల నేల ఒక ఘన సెంటీమీటరు 1.25 గ్రాములే తూగితే, బిగిసిన నేల 1.55 గ్రాములు తూగితే, ఘనపరిమాణంలో నీరు లోపల 17.5 శాతం, బయట 18.6 శాతం అవుతుంది. పై పది సెంటీమీటర్ల మందంలో కొలిస్తే తొక్కిన నేలలోనే ఒక మిల్లీమీటరు నీరు ఎక్కువ. రెండు అంకెలూ నిజాలే, తీర్పులు మాత్రం ఎదురెదురు. దీనికి తోడు, బిగిసిన నేలలో పెద్ద రంధ్రాలు చిన్నవిగా మారడం వల్ల పట్టి ఉంచే నీరు పెరిగినా, అందులో కొంత వేళ్లు లాగలేనంత బిగువుగా ఉండిపోతుంది. ఇసుక నేలల్లో కొద్దిపాటి తొక్కిడి నీటి నిలువకు మేలు చేసిన సందర్భాలూ లేకపోలేదు.

అందుచేత మేసిన నేలలో తేమ ఎక్కువగా ఉందన్న వార్త దానంతటదే మంచి వార్త కాదు. తోడే గడ్డి లేక మిగిలిపోయిన నీరు కూడా తేమగానే లెక్కకు వస్తుంది. ఆ పొలిమేరలో పడిన వానలో ఎంత భాగం గడ్డి గుండా పోయింది, ఎంత భాగం ఖాళీ మట్టి నుంచి ఆవిరైంది, ఎంత వాగులో పడింది అన్న మూడు ముక్కల్లోనే బీడు ఆరోగ్యం తెలుస్తుంది. నేల మీద ఎంత భాగం కప్పు లేకుండా ఉందో చూస్తే ఈ మూడింటి గురించీ చాలావరకు అంచనా వేయవచ్చు, అదీ ఏ పరికరం లేకుండా.

తొలకరి వేళ

ఇంతవరకు చెప్పినదాన్ని రాయలసీమ, పాలమూరు బీళ్లకు అన్వయిస్తే, మంద ఎంత పెద్దది అన్న ప్రశ్నకంటే ఎప్పుడు మేపారు అన్న ప్రశ్న ముందుకొస్తుంది. ఇక్కడి కాపరుల్లో చాలామంది స్థానికంగా మేత తరిగాక మందలను తోలుకుని కాలువల కింది ఆయకట్టు ప్రాంతాలకు వలస పోతారు, తొలకరితో సొంత ఊళ్లకు తిరిగొస్తారు. బీడుకు వేసవిలో దొరికే విరామం నేలకు పెద్దగా ఉపయోగపడేది కాదు, ఎందుకంటే అప్పుడు గడ్డి ఎదగదు, పొడి నేల తొక్కిడికి అంతగా లొంగదు. మంద తిరిగొచ్చే సమయమే సున్నితమైనది. తొలి వానలకు నేల పదునెక్కి గిట్టకు మెత్తగా లొంగుతుంది. గడ్డి దుబ్బులు వేళ్లలో దాచుకున్న నిలువతో చిగురు వేస్తుంటాయి. ఆ చిగురు మేస్తే వేరు ఎదుగుదల ఆగిపోతుంది. పైన కప్పు లేని మట్టి మీద జోరు వానలు పడుతూ ఉంటాయి. పైన చెప్పిన నష్టాలన్నీ ఆ కొద్ది వారాల్లో ఒకదాని మీద ఒకటి పడతాయి. అదే మంద విత్తనం రాలిన తరువాత, నేల ఆరాక మేస్తే నష్టం చాలా తక్కువ.

దీన్ని కాపరి నేరంగా చూపడం అన్యాయం. తొలకరిలో ఆయకట్టు చేలన్నీ దుక్కి, నాట్ల కిందికి పోతాయి, వాటి గట్ల మీద కూడా మందను నిలవనివ్వరు. మేత భూములు పంపకాల కింద, ఆక్రమణల కింద తరిగిపోవడంతో, ఒకప్పుడు ఐదారు బీళ్ల మీద తిరిగిన మంద ఇప్పుడు ఒకటి రెండింటి మీదే తిరుగుతోంది. ఉన్న బంచరాయిని రెండు మూడు భాగాలు చేసి, ఏటా ఒక భాగాన్ని తొలకరి నుంచి విత్తు రాలే వరకు వదిలేసి, ఏ భాగమన్నది ఏటేటా మారుస్తూ పోతే తక్కిన ఏర్పాట్లేవీ లేకుండానే వేళ్లకు వెసులుబాటు దొరుకుతుంది. ఆ వదిలిన నెలల్లో మందకు మేత ఎక్కడన్న ప్రశ్నకు జవాబు చెప్పకుండా కాపరిని ఇందుకు ఒప్పించడం కుదరదు. పూర్తిగా కంచె వేసి ఏళ్ల తరబడి మూసేయడం కూడా ఇక్కడ అవసరం లేదు. మేయని గడ్డి ఎండి పేరుకుని కొత్త చిగురుకు వెలుతురు అందనివ్వదు, వేసవిలో నిప్పు అంటుకుంటే కప్పంతా ఒక్క రోజులో పోతుంది. మూసిన భాగంలో విత్తు రాలాక గడ్డి కోసుకుపోనిచ్చినా, ఆరిన నేల మీద కొద్ది రోజులు మందను తోలనిచ్చినా, మోకాలి కింది దుబ్బును, నేల మీది ఎండుటాకును మిగిలిస్తే చాలు. తరువాతి ఏడాది తొలి జోరు వానకు ఆ కప్పు నేల మీద ఉంటుంది.